సగం సినిమా, తొమ్మిదో వరుస

ఈ సంగతి మొట్టమొదట నా చెవిన వేసినవాడు మా షిఫ్టు బస్సు డ్రైవరు. ఫ్యాక్టరీలో ఏం జరిగినా ఆ వార్త ముందు గేటు దగ్గర సెక్యూరిటీకి, అక్కడినుంచి డ్రైవర్లకి చేరేది. లోపల పనిచేసే మాకు చివర్న తెలిసేది. సంగారెడ్డి చౌరస్తాలో పొద్దున్నే నేను బస్సు మెట్టెక్కుతుంటే ఆయన స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, గొంతు తగ్గించి అన్నాడు: "అమ్మా, మీ పక్క టేబుల్ ఆమె పని పోయేటట్టున్నది. ఆమె పాస్ చేసిన ట్రేల ఖరాబు మాల్ దొరికిందంట."

అయ్యో అనుకుని నా సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, ఆమె కోసం దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఎంత అమాయకంగా పెట్టుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. దొంగే స్టేషన్‌కి వెళ్ళి, పోయిన సొమ్ము త్వరగా దొరకాలని మొక్కుకున్నట్టు.

నేను రిటైరై రెండేళ్ళు దాటింది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కనిపించినప్పుడు, మీ సర్వీసులో మర్చిపోలేనిది చెప్పండి అంటారు. అవార్డు లాంటిది ఏదైనా చెబుతానని వాళ్ళ ఆశ. నాకు గుర్తున్నది మాత్రం ఒక వార్నింగ్ లెటరు, ఒక సగం సినిమా. రెండూ కలిపే చెప్పాలి. విడదీస్తే అర్థం కావు.

నేను బడిలో కూర్చుని చదువుకున్నదాన్ని కాదు. కృష్ణా జిల్లాలో మా తాతగారు ఇంట్లోనే అక్షరాలు దిద్దించి, ఎక్కాలు నేర్పించి, దేవుడి పుస్తకాలు పైకి చదివించారు. పెళ్ళయ్యాక మా వారి ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉద్యోగం మమ్మల్ని ఈ పటాన్‌చెరు వైపు తీసుకొచ్చింది. ఆయనే దగ్గర కూర్చోబెట్టి ప్రైవేటుగా పదో తరగతి రాయించారు. ఆ సర్టిఫికెట్ పుణ్యాన గుమ్మడిదల దగ్గర ఒక ఇంజెక్షన్ల ఫ్యాక్టరీలో చేరాను. చదువు చెప్పిన తాతగారికీ, చదివించిన ఆయనకీ నేను రోజూ మనసులో నమస్కారం పెట్టుకుంటాను. ఒకరు ఫోటోలో ఉన్నారు, ఒకరు ముందు గదిలో పేపరు చదువుతున్నారు.

నా పని చూడటం. నిజంగా అంతే. వయల్ అంటే ఇంజెక్షన్ మందు ఉండే చిన్న గాజు సీసా. దాన్ని మెల్లగా తిప్పి, లైటు కింద నల్ల బోర్డు ముందు ఐదు సెకన్లు, తెల్ల బోర్డు ముందు ఐదు సెకన్లు పట్టుకోవాలి. నలుపు మీద తెల్ల నలుసు కనబడుతుంది, తెలుపు మీద నల్ల నలుసు. గాజు రవ్వ గానీ నూలుపోగు గానీ ఉంటే తీసి పక్కన పెట్టాలి. అప్పట్లో మా టేబుళ్ళకి టైమర్లు లేవు. ఐదు సెకన్లు మనసులోనే లెక్కపెట్టుకోవాలి. ఆ లెక్క ఎలా పెట్టుకోవాలన్నది ఎవరి ఇష్టం వాళ్ళది. నేను ఒక్కో బోర్డుకి ఐదుసార్లు, చిన్నప్పుడు తాతగారు నేర్పిన తీరులో నెమ్మదిగా రామనామం అనుకునేదాన్ని. జీతం తీసుకుంటూ జపం చేసుకునే అదృష్టం ఎంతమందికి దక్కుతుంది చెప్పండి.

మా పక్క టేబుల్ ఆమెది జోగిపేట దారిలో ఒక ఊరు. పొలం పనులు చేసుకునే కుటుంబం. నాకన్నా పదిహేనేళ్ళు చిన్నది. నన్ను అక్కా అని పిలిచేది. ఆమె లెక్క వాళ్ళింటి ఐదు బర్రెల పేర్లు. వరసగా ఐదు పేర్లు అనుకుంటే ఐదు సెకన్లు సరిగ్గా సరిపోయేవి. ఈ జ్ఞాపకంలో ఎవరి పేరూ రాయకూడదని నియమం పెట్టుకున్నాను కాబట్టి బర్రెల పేర్లు కూడా రాయను. ఒకసారి వాళ్ళు ఒక బర్రెను అమ్మేశారు. ఇక ఈమె నాలుగు సెకన్లకే వయల్ దించేస్తుందేమోనని నాకు బెంగ పట్టుకుంది. అడిగితే, అమ్మినా లెక్కలో నుంచి తీసెయ్యలేదని చెప్పింది.

ఇక సినిమా సంగతి. మా బస్సులో డ్రైవరు తలపైన ఒక టీవీ, దానికొక పెన్ డ్రైవు, అందులో ఒకే ఒక్క సినిమా ఉండేవి. ఇంజిను ఆపితే టీవీ ఆగిపోయేది. మళ్ళీ స్టార్టు చేస్తే సినిమా మొదటినుంచి వచ్చేది. సంగారెడ్డి నుంచి ముత్తంగి మీదుగా ఫ్యాక్టరీకి గంటా పది నిమిషాలు. పోయేటప్పుడు గంటా పది, వచ్చేటప్పుడు గంటా పది, రెండుసార్లూ ఆ సినిమా మొదటి సగమే. టైటిల్స్ ఎవరో కత్తిరించేశారు గనక దాని పేరు కూడా మాకు తెలియదు. తర్వాతెప్పుడో తెలిసింది గానీ, బర్రెలకు లేని మినహాయింపు దానికెందుకు.

కథ ఇది. బస్టాండు పక్కన ఒక అమ్మాయి మారు తాళంచెవులు చేసే డబ్బా కొట్టు పెట్టుకుని ఉంటుంది. ఒకతను సబ్బుముక్క మీద తాళంచెవి అచ్చు తెచ్చి, ఇలాంటిది చేసిపెట్టమంటాడు. ఆమె చేస్తుంది. పావుగంట తిరక్కుండా ఒక నగల దుకాణం తెరుచుకుంటుంది, నగలు పోతాయి. తర్వాత అతను అవసరం లేని తాళంచెవుల కోసం రోజూ కొట్టుకు వస్తుంటాడు. ఇరవై ఐదో నిమిషంలో బజారులో ఇద్దరికీ ఒక హుషారైన పాట. చివరికి పోలీసాయన వచ్చి, ఆ తాళంచెవి ఆమె ముందు పెట్టి, ఇది చేసింది నువ్వేనా అని అడుగుతాడు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తుంది. సరిగ్గా అక్కడ మా ఫ్యాక్టరీ గేటు వచ్చేది.

ఫోనులో వెతికితే దొరకదా అని మీరంటారు. దొరుకుతుంది. అందుకే మా బస్సులో ఒక కట్టుబాటు ఉండేది. ముగింపు ఫోనులో చూసినవాళ్ళు ముత్తంగి నుంచి గేటు దాకా నిలబడి రావాలి. ఒకమ్మాయి చూసేసి, నవ్వు ఆపుకోలేక దొరికిపోయి, నిలబడింది కూడా. మిగతా మేమంతా సొంత ముగింపులు చెప్పుకునేవాళ్ళం. అతను నగలన్నీ తిరిగిచ్చేసి గుళ్ళో పెళ్ళి చేసుకుంటాడని నేననేదాన్ని. గుడి లేకుండా పెళ్ళి ఊహించడం నాకు చేతకాదు. మా పక్క టేబుల్ ఆమె మాత్రం, తాళంచెవి చేసుడు ఆమె పని, చేసిన అని చెప్తది, అందుల భయమెందుకు అనేది.

ఒకే సగాన్ని అన్నిసార్లు చూస్తే విసుగు రాదా? మొదటి వారం వచ్చింది. తర్వాత పోయింది. మొదట్లో నేను అతన్నే చూశాను. తర్వాత ఆమెను చూశాను. సబ్బుముక్క చేతిలోకి తీసుకోగానే ఆమె పెదవి కొరుక్కుంటుంది. అంటే అది దేనికో ఆమెకు మొదటి క్షణంలోనే తెలుసు. తెలిసీ ఆకురాయి పట్టుకుంది. ఆ ఒక్క పెదవి చూశాక సినిమా మొత్తం మారిపోయింది నాకు. ఇంకోరోజు మా పక్క టేబుల్ ఆమె కొట్టులో గడియారాన్ని పట్టుకుంది. "అక్కా, సూసినవా, పొద్దుగాలైనా పొద్దుగూకినంకైనా గా గడియారంల నాలుగుంబావే." నలుసులు ఏరి బతికేవాళ్ళకి అలాంటి సినిమా విందుభోజనం.

ఇప్పుడు ట్రే సంగతి. డ్రైవరు వార్త చెప్పడానికి వారం ముందు ఒక మధ్యాహ్నం మా పక్క టేబుల్ ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ముందురోజు ఇంట్లో ఎండుమిరపకాయలకు తొడిమలు తీసిందట. సూపర్‌వైజర్‌కి చెప్పి లేచిపోవాలి, రూలు అదే. కానీ ఆమె కాంట్రాక్టు మనిషి. పదేళ్ళ తర్వాత పర్మనెంటు చేసేవాళ్ళ లిస్టులో ఆమె పేరు ఆ నెలే చేరింది. ఇలాంటప్పుడు లేవడం ఎందుకని బిగబట్టి కూర్చుంది. నా ట్రే అప్పటికే అయిపోయింది. ఆ నెలంతా నా పని తొందరగా అయిపోతుండేది. ఈ వయసులో చేతికి ఇంత చురుకుదనం ఇచ్చావా స్వామీ అని మురిసిపోతుండేదాన్ని కూడా. ఆమె ట్రేలో పది వరుసలుంటే, ఎనిమిది, తొమ్మిది, పది నేను లాక్కుని చూసిపెట్టాను. ట్రే మీద చీటీ మాత్రం ఆమెదే. ఒకరి ట్రే ఇంకొకరు ముట్టకూడదు. నేను దాన్ని సాయం అనుకున్నాను.

డ్రైవరు చెప్పిన రోజే ఆమెను టేబుల్ నుంచి తీసి అట్టపెట్టెల సెక్షన్‌లో కూర్చోబెట్టారు. మూడో రోజు పదకొండింటికి విచారణ. తప్పు రుజువైతే లిస్టులో పేరే కాదు, ఉద్యోగమే ఉండదు. నేను ఇంటినుంచి తెచ్చిన పులిహోర ప్రసాదం ఆమెకు పెట్టి ధైర్యం చెప్పాను. మధ్యాహ్నం క్వాలిటీ మేడమ్ మా అందర్నీ నిలబెట్టి, బోర్డు మీద ట్రే బొమ్మ గీసి, నూలుపోగు దొరికిన చోట ఎర్రచుక్క పెట్టింది. తొమ్మిదో వరుస.

నా చేతిలో ఒక వయల్ ఉంది. దాన్ని జాగ్రత్తగా కిందపెట్టాను.

సాయంత్రం బస్సులో ఆమె పక్కన కూర్చుని, ఆ వరుస నేను చూసిందే కదా అన్నాను. ఆమె తల తిప్పకుండా టీవీ వైపే చూస్తూ చెప్పింది. "దొరికిన్నాడే ఎర్క నాకు. నువ్వేం చెప్పకక్కా. ఇంక నాలుగు నెల్లైతే నువ్వు దిగిపోతవు, ఇజ్జత్‌తోని దిగు. నీ పేరెత్తితే ఇద్దరం పోతం. గిట్లైతే నేనొక్కదాన్నే పోత. లెక్క సక్కగనే ఉన్నది గద."

నేను కాదనలేదు. పిల్లలూ, ఈ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. కాదనలేదు, పైగా లోపల ఎక్కడో హాయిగా అనిపించింది.

మర్నాడు పొద్దున పూజలో కూర్చున్నాను. ముందు గదిలోంచి మా వారు పేపరు దించకుండా అడిగారు. "ఏమిటే, రాముడికి ఇవాళ అంత తొందరేం వచ్చింది? వారం రోజుల్నుంచీ చూస్తున్నా, డప్పొక్కటే తక్కువ."

నోరు మూసుకుని విన్నాను. పెదవుల మీద ఉన్నది రామనామమే. లోపల నడుస్తున్న వరస మాత్రం ఆ బస్సు సినిమాలో బజారు పాటది. రోజుకు రెండుసార్లు విని విని, నాకు తెలియకుండానే నా జపానికి ఆ దరువు పట్టుకుంది. వంటింటి గడియారం తెచ్చి ముందు పెట్టుకున్నాను. తాతగారు నేర్పిన తీరులో ఐదుసార్లు అంటే ఐదు సెకన్లు. బస్సు తీరులో మూడు. నా చేతికి వచ్చిందనుకున్న చురుకుదనం అదన్నమాట. మూడు సెకన్లలో అడుగునున్న పోగు తేలి కంటికి ఆనడానికి టైము సరిపోదు.

మా వారికి చెప్పాను. బయట అనకు, నవ్వుతారు అన్నారు. ఆ రోజు ఫ్యాక్టరీలో నోరు విప్పలేదు. నేను చెప్పకుండానే ఆమె ఉద్యోగం నిలిచే దారి ఏదైనా చూపించమని దేవుణ్ణి అడిగాను. దేవుడు ఏ దారీ చూపించలేదు. మంచి పని చేశాడు.

విచారణ రోజు ముత్తంగి జంక్షన్‌లో ఇనుప లోడు ట్రెయిలర్ ఒకటి రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయింది. మా డ్రైవరు ఇంజిను ఆపాడు, టీవీ ఆగింది. అరగంటకు నాలుగు బండ్ల దూరం కదిలింది, సినిమా మొదలు. మళ్ళీ ఆపాడు, మళ్ళీ మొదలు. మూడోసారి ఆ అమ్మాయి కొట్టు తలుపు తెరుస్తుంటే బస్సంతా మూలిగింది. "నేనేం జెయ్యాలె, దానికి నడుమలకెల్లి ఎత్తుకునుడు రాదు" అన్నాడు డ్రైవరు.

ఈసారి ఇంజిను ఆగలేదు. పాట వచ్చింది. నా రామనామాన్ని మింగిన పాట. ఆ ఇద్దరి మొహాలు చూడటానికి నాకు మనసొప్పలేదు. అందుకని తెర అంచువైపు చూశాను. వయల్‌లో కూడా మేం మందు మధ్యలోకి చూడం, గాజు అంచు వెంట చూస్తాం. ఆ అంచులో, మూసి ఉన్న ఒక కొట్టు మెట్ల మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. నెరిసిన మీసం, ఒక చెవికి పోగు. ఎక్కడో చూశాను ఈయన్ని అనుకున్నాను. పది నిమిషాల క్రితమే చూశాను. నగల దుకాణం దొంగతనంలో కుర్చీలో కునికిపాట్లు పడిన వాచ్‌మన్. ఇప్పుడు ఒంటి మీద యూనిఫాం లేదు. ఒళ్ళో అన్నం డబ్బా మాత్రం అదే. పాడుకుంటూ వెళ్ళే ఆ జంట కాలు తగలబోతే, డబ్బా కొంచెం ఇవతలికి జరుపుకుంటాడు. మూడు సెకన్లు. అంతే.

పక్కనున్న ఆమెను తట్టి చూపించాను. "ఔ, గాయనే" అంది. "పనిల నుంచి తీసేసిండ్రు గావచ్చు, పాపం. గిన్నిసార్లు సూసినం, ఒక్కనాడు కానరాలే." ఇంకాసేపు టీవీ వైపు చూసి, కిటికీ వైపు తిరిగింది. ఆయన గురించే అంది. తన గురించి ఒక్క మాట అనలేదు.

మేం ఫ్యాక్టరీ చేరేసరికి పదకొండు దాటింది. ఆమె తిన్నగా విచారణ గదిలోకి వెళ్ళింది. నన్నెవరూ పిలవలేదు. ఆమె వెనకాలే వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల ముగ్గురు ఉన్నారు: ప్లాంట్ హెడ్, క్వాలిటీ మేడమ్, పర్సనెల్ ఆఫీసరు. మీరెందుకు వచ్చారని మేడమ్ అడిగింది.

"తొమ్మిదో వరుస నేను చూశానండీ" అన్నాను.

"అక్కకు పానం బాగలేదు సార్, పట్టించుకోకుండ్రి" అంది ఆమె, కుర్చీలోంచి సగం లేచి.

నేను అంతా చెప్పాను. మిరపకాయలు, మూడు వరుసలు, వంటింటి గడియారం, పాట. ప్లాంట్ హెడ్ ఉత్తరాదాయన. ఆయనకు నా తెలుగు సగమే అర్థమైంది. మేడమ్ మొహంలో ఏ భావమూ లేకుండా హిందీలో చెప్పింది, ఈమె రామ్ నామ్ స్పీడు పెరిగిందట సార్ అని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చేసి చూపించమన్నారు.

పది వయల్స్ తెప్పించారు. మేడమ్ ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టింది. ముందు పాట వరసలో చేయమంది. మనసులో అనుకుంటే వాళ్ళకెలా తెలుస్తుంది, పైకి అనాల్సి వచ్చింది. యాభై ఏడేళ్ళ వయసులో, నుదుటి బొట్టుతో, ముగ్గురు ఆఫీసర్ల ముందు, దొంగా తాళంచెవుల అమ్మాయీ పాడుకునే పాట వరసలో రామనామం పాడుతూ పది సీసాలు తిప్పాను. ఒక్కో బోర్డుకి మూడు సెకన్లు. తర్వాత తాతగారి తీరులో తిప్పాను. ఐదు. మళ్ళీ పాట. మళ్ళీ మూడు. ఎన్నిసార్లు చేసినా అంతే వచ్చింది.

ప్లాంట్ హెడ్ ఏదో అడిగారు. మేడమ్ నావైపు తిరిగి, సినిమా ఆఖర్న ఏమవుతుందని సార్ అడుగుతున్నారు అంది.

"తెలీదండీ. మా బస్సు గంటా పది నిమిషాలే" అన్నాను.

పర్సనెల్ ఆఫీసరు నవ్వడం నా సర్వీసులో అప్పుడే చూశాను.

నవ్వారు గానీ వదల్లేదు, వదలకూడదు కూడా. ఆ నెలలో నా చీటీ పడిన ప్రతి ట్రేనీ మళ్ళీ చూడమన్నారు. దేవుడి దయవల్ల అవింకా గోడౌను దాటలేదు. రెండు ఆదివారాలు సెక్షన్ మొత్తం డ్యూటీకి వచ్చింది. వచ్చినవాళ్ళు నన్ను ఊరికే ఏం వదల్లేదు. సోమవారం బస్సులో నా సీటు మీద సంచులు పెట్టేసి, ముత్తంగి నుంచి గేటు దాకా నిలబడి రావాలన్నారు. నిలబడ్డాను. అంత తేలికైన ప్రాయశ్చిత్తం చెప్పినందుకు వాళ్ళందరికీ రుణపడి ఉన్నాను. నాకు వార్నింగ్ లెటరు ఇచ్చి, టేబుల్ నుంచి తీసేసి, మిగిలిన నాలుగు నెలలూ కొత్తవాళ్ళకు పని నేర్పమన్నారు. ప్రతి టేబుల్‌కీ చిన్న దీపం వెలిగి ఆరే టైమరు పెట్టారు. నా జపం జపంగా నాకు మిగిలింది.

ఆమె ఉద్యోగం నిలబడింది. కానీ తన ట్రే ఇంకొకరిని ముట్టనిచ్చినందుకు లిస్టులోంచి ఆ నెలకు పేరు తీసేశారు. మళ్ళీ చేర్చడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలు నా పేరు మీద ఉన్నాయి. ఆమె ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

రిటైరయ్యాక ఒకసారి వాళ్ళ ఊరు వెళ్తే, వాళ్ళ పెద్దమ్మాయి ఆ సినిమా వెతికి టీవీలో మొత్తం పెట్టింది. ఇద్దరం కాళ్ళు చాపుకుని చూశాం. పోలీసాయన ప్రశ్నకు ఆ అమ్మాయి నేను చేయలేదని అబద్ధం చెబుతుంది. తర్వాత వాన, కార్ల వెంటబడడం, తుపాకీ, ఆస్పత్రి, పెళ్ళి. గుడి లేదు. వాచ్‌మన్ మళ్ళీ ఎక్కడా రాలేదు. అయిపోయాక ఆమె, "గిదానికన్నా మన గేటు కాడ ఆగుడే మంచిగుండె" అంది. మళ్ళీ మొదటి సగం పెట్టించుకుని చూశాం.

అందుకే చెబుతున్నాను పిల్లలూ, మీకు నచ్చిన సినిమా ఉంటే మళ్ళీ మళ్ళీ చూడండి. ఏం జరుగుతుందోనన్న ఆత్రం తీరిపోయాక కన్ను తీరిగ్గా అంచుల్లోకి వెళుతుంది. ప్రేమించుకునేవాళ్ళ వెనకాల ఎవరి ఉద్యోగం పోయిందో అప్పుడు కనబడుతుంది. మీ పనిలోనూ అంతే. బాగా వచ్చేసిందనుకున్న రోజున ఒకసారి గడియారం ముందు పెట్టుకుని చూసుకోండి.

ఒక్క కోరిక. ఎప్పుడైనా ఆస్పత్రిలో మీకు గానీ మీ వాళ్ళకు గానీ సూది వేస్తున్నప్పుడు, ఆ మందు నీళ్ళలా తేటగా ఉంటే, నన్ను తలుచుకోనక్కర్లేదు. తనది కాని తప్పుకు తన పని పోతున్నా నా పేరు చెప్పని మనిషి ఒకామె ఉంది. ఇప్పటికీ పొద్దుటి షిఫ్టులో, కిటికీ పక్క టేబుల్ దగ్గర కూర్చుని, ఒక్కో సీసా ఎత్తి చూస్తూనే ఉంది. ఆమెను ఒక్కసారి తలుచుకోండి.